జయంతులున్నవాళ్లూ, వర్ధంతులున్నవాళ్లూ

మల్యాల మండలంలోని కొండగట్టు ఆంజనేయస్వామికి ఏటా రెండు జయంతులు. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఒకడే రెండుసార్లు ఎలా పుడతాడండీ అని అడిగే తార్కికులు ఆ రోజుల్లో ఒకసారి గుట్టెక్కి చూడాలి. మాల వేసుకున్న దీక్షాపరుల మధ్య కాలు మోపే జాగా దొరికితే, అప్పుడు నిలబడి వాదించవచ్చు. ఆ చుట్టుపక్కల ఏ ఊరి వాడకట్టులోనైనా "అంజన్నా!" అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. అంజయ్య, అంజవ్వ, హన్మండ్లు, ఆంజనేయులు... ఇంటికొకరు స్వామివారి పేరు మోస్తూనే ఉంటారు. అయితే గమనించారో లేదో, రెండు జయంతులున్న ఈ స్వామికి వర్ధంతి మాత్రం ఒక్కటీ లేదు. ఆయన చిరంజీవి కదా మరి!

ఆ మాటకొస్తే వర్ధంతి అనే మాటే తమాషా అయినది. దాని ధాతువుకు అర్థం పెరగడం. పక్కనే ఉన్న మైసూరులో మహారాజుల పుట్టినరోజును వర్ధంతి అనేవారు. మనదగ్గరికి వచ్చేసరికి అది చావు తేదీ అయి కూర్చుంది. మైసూరు మహారాజుకు తెలుగువాడెవడైనా వర్ధంతి శుభాకాంక్షలు చెప్పాల్సివస్తే ఎంత ఇరకాటంలో పడి ఉండేవాడో ఊహించుకోండి.

అదలా ఉంచండి. ఈ చిరంజీవుల జాబితాలో ఈమధ్య కొత్తవాళ్లు చేరారు. మన హైదరాబాదులోనే రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసిన ఛోటా భీమ్ 2008లో టీవీకెక్కాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఇప్పుడూ తొమ్మిదేళ్లే. వాణ్ణి చూస్తూ అన్నం తిన్న పిల్లలు కాలేజీలు దాటి, కొందరు పెళ్లిపీటలు కూడా ఎక్కారు. వాడు మాత్రం లడ్డూ నోట్లో వేసుకుని అలాగే ఎగురుతున్నాడు. జపాను వారి డోరేమాన్ సంగతి ఇంకా వింత. కథ ప్రకారం ఆ నీలం పిల్లి పుట్టేది 2112 సెప్టెంబరు 3న. అంటే ఇంకా పుట్టనే లేదు! అయినా 2012లో సరిగ్గా ఆ తేదీకి, పుట్టడానికి నూరేళ్ల ముందు, కవాసాకి నగరం వారు దానికి మా ఊరివాడే అని నివాస పత్రం ఇచ్చారు. శతజయంతులు చూశాం గానీ, ఇలా వెనక్కి లెక్కపెట్టే శతజయంతి ఎక్కడైనా విన్నామా?

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. వర్ధంతి ఉన్నవాళ్లను తెచ్చి ఈ చిరంజీవుల్లో కలిపినప్పుడే వచ్చింది చిక్కంతా.

2002 నవంబరులో కెనడా టీవీలో ఒక బొమ్మల సీరియల్ మొదలైంది. పేరు క్లోన్ హై. ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్, బిల్ లారెన్స్ అనే ముగ్గురు కలిసి అల్లిన కథ. చరిత్రలో పేరుమోసినవాళ్ల అవశేషాల నుంచి వాళ్లకు అచ్చుగుద్దినట్టు నకళ్లను పుట్టించి, అందర్నీ ఒకే హైస్కూల్లో పడేస్తారు. అబ్రహాం లింకన్, జోన్ ఆఫ్ ఆర్క్, క్లియోపాత్రా, కెన్నెడీ... అందరూ పదహారూ పదిహేడేళ్ల వయసువాళ్లు. మొటిమలు, అలకలు, ఒకరిమీద ఒకరికి ఇష్టాలు. వాళ్లలో ఒకడు గాంధీ. సన్నగా, చెవికి పోగుతో, ఒక్కచోట కుదురుగా నిలవని పిల్లవాడు. పార్టీలంటే పడిచస్తాడు.

ఇలాంటి సీరియల్‌కు అభిమాని అయిన పిల్లకు చరిత్ర పంచాంగం ఇంటి పంచాంగంలో కలిసిపోతుంది. ఫిబ్రవరి 12 లింకన్ పుట్టినరోజు. మే 30, 1431లో జోన్‌ను సజీవంగా దహనం చేసిన రోజు. ఆమెకప్పుడు పందొమ్మిదేళ్లుంటాయేమో, నిజంగానే టీనేజీ పిల్ల. నవంబరు 22, 1963లో కెన్నెడీని కాల్చిన రోజు. పరీక్షకు బట్టీపట్టిన తేదీ పరీక్ష హాలు గడప దాటేసరికి ఆవిరైపోతుంది. మనసుపడ్డ బొమ్మకు సంబంధించిన తేదీని పొమ్మన్నా పోదు. చరిత్ర మేష్టార్లు దీన్ని చూసి కాస్త అసూయపడినా తప్పులేదు.

కానీ తేదీ రెండువైపులా పదునున్న కత్తి. ఎం.టీ.వీ. వారు అమెరికాలో ఈ సీరియల్‌ను మొదలుపెట్టింది 2003 జనవరి 20, సోమవారం నాడు. ఆ ఏడు అమెరికా దేశం మార్టిన్ లూథర్ కింగ్ జయంతికి సెలవిచ్చిన రోజు సరిగ్గా అదే! గాంధీ మార్గాన్ని వెతుక్కుంటూ 1959లో మన దేశానికి వచ్చివెళ్లిన కింగ్ పేరిట సెలవు. ఆనాడే టీవీలో చెవిపోగు గాంధీ గెంతడం. కావాలని చేశారంటే నేను నమ్మను. వాళ్ల క్యాలెండరులో అదొక సోమవారం, అంతే.

పది రోజులు తిరిగేసరికి జనవరి 30 వచ్చింది. బాపు పోయి 55 ఏళ్లు. ఆ సీరియల్ మన దేశంలో ప్రసారమే కాలేదు. అయినా కబురు వచ్చింది. కబురుకు కాళ్లు ఎక్కువ కదా! ఢిల్లీలో నూరుమందికి పైగా నిరాహారదీక్షకు కూర్చున్నారు. అందులో రాజకీయ నాయకులూ ఉన్నారు. ఇది అమెరికా ప్రేక్షకుల కోసం తీసినది, నొప్పించి ఉంటే మన్నించండి అని కంపెనీవారు చెప్పుకున్నారు. ఆ సమయానికి కంపెనీ పెద్దలు ఢిల్లీలోనే ఉన్నారనీ, బయటికి వెళ్లే దారిలేక చిక్కుకుపోయారనీ, దాంతో తమ సీరియల్‌కు నూకలు చెల్లాయనీ దాన్ని తీసినవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. మొత్తానికి పదమూడు భాగాలతో అది ఆగిపోయింది. బొమ్మల గాంధీ నోరు మూయించడానికి జనం గాంధీగారి ఆయుధాన్నే తీశారన్నమాట.

మనకు నవ్వడం రాదా అంటే, అదేం మాట! దేవుణ్ణి నిలదీసి తిట్టడంలో మనల్ని మించినవారు లేరు. మల్యాలకు ఎంతో దూరం లేని ధర్మపురిలోనే శేషప్ప కవి తన నరసింహ శతకంలో స్వామిని బతిమాలాడు, దెప్పాడు, తగువాడాడు. ఆయన్ని ఎవరూ వెలివేయలేదు. పిల్లలకు ఆ పద్యాలే నేర్పించారు. చిందు యక్షగానంలో దేవతలూ రాజులూ ఊగిపోతుంటే మధ్యలో బుడ్డర్‌ఖాన్ దూరి జనాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్విస్తాడు. ఆంజనేయుణ్ణి బాలుడిగా చేసి బొమ్మల సినిమా తీస్తే (2005లో తీశారు) పిల్లల్ని వెంటేసుకుని వెళ్లి చూశాం. మరి గాంధీ దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఉలిక్కిపడ్డాం? నల్లగొండ జిల్లా చిట్యాల దగ్గర ఆయనకు గుడి కట్టి, దేవుళ్లలో కలుపుకున్నాం కదా!

నాకు తోచింది ఒక్కటే. జయంతి మాత్రమే ఉన్నవాడితో ఎంతైనా ఆడుకోవచ్చు. వాడికి దెబ్బ తగలదు. వర్ధంతి ఉన్నవాడు అలా కాదు. ఆయన ఒక సాయంత్రం, అయిదూ పదిహేడుకు, నెత్తురు కారి పోయాడు. ఆ సాయంత్రం మల్యాల ప్రాంతం ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉంది. భారతదేశంలో కలిసింది సెప్టెంబరులో. అంటే ఈ ఊళ్లు ఆయన దేశంలో చేరేసరికే ఆయన లేడు. అయినా జనవరి 30న పదకొండు గంటలకు ఇక్కడి బడిపిల్లలూ రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు.

తేదీ బరువు దాన్ని మోసేవాడికే తెలుస్తుంది. సెప్టెంబరు 11 అంటే లోకానికి 2001 న్యూయార్కు. చరిత్ర చదివినవాడైతే 1906లో అదే తేదీన జొహానెస్‌బర్గు నాటకశాలలో గాంధీ ముందు జనం ప్రమాణం చేశారనీ, సత్యాగ్రహం పుట్టింది అక్కడేననీ చెబుతాడు. కొండగట్టు కింది పల్లెలవాళ్లను అడగండి. 2018 సెప్టెంబరు 11, మంగళవారం. ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మంది దాకా పోయిన రోజు. ఒక్కొక్క ఊళ్లో వరసగా పాడెలు లేచాయి. ఆ తేదీన ఎంత మంచి జోకైనా ఆ పల్లెల్లో ఎవరూ వేయరు. వేస్తే నవ్వరు. ఢిల్లీలో దీక్షకు కూర్చున్నవాళ్లందరూ అంత బాధతోనే కూర్చున్నారని కాదు లెండి, టీవీ కెమెరాల కోసం వచ్చినవాళ్లూ ఉండి ఉంటారు. కానీ ఆ తేదీ మాత్రం నిజమైనది.

ఇంత చెప్పాక ఆ బొమ్మ కుర్రాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాడు ఎందుకలా గెంతుతాడో కథలోనే ఉంది. మహాత్ముడి నకలుగా పుట్టినందుకు అందరూ వాడినుంచి మహాత్ముణ్ణే ఆశిస్తారు. అది మోయలేక విచ్చలవిడిగా తిరుగుతాడు. ఇది గాంధీకి అవమానమా? అసలు గాంధీగారే తన ఆత్మకథలో ఏం రాసుకున్నారు? పదమూడో ఏట పెళ్లి, చాటుగా మాంసం తినడం, విసిరేసిన చుట్టముక్కలు ఏరుకుని పొగతాగడం, అన్న కడియంలోంచి బంగారం ముక్క తీయడం, ఆనక తండ్రికి చీటీ రాసిచ్చి ఒప్పుకోవడం. ఎవరూ అడగకుండానే తన టీనేజీని ఆయనే బయటపెట్టారు.

మోయలేకపోయినవాడు బొమ్మల్లోనే కాదు, ఇంట్లోనూ ఉన్నాడు. పెద్దకొడుకు హరిలాల్. ఇంగ్లండు వెళ్లి చదువుకుంటానంటే తండ్రి పంపలేదు. తగవు పెరిగింది, తాగుడు పట్టుకుంది. 1936లో మతం మారి అబ్దుల్లా అయ్యాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. తండ్రి పోయిన అయిదు నెలలలోపే, 1948 జూన్ 18న బొంబాయిలో పోయాడు. ఆ తేదీకి ఏ బడిలోనూ మౌనం ఉండదు.

క్లోన్ హై అభిమానులు తమ సీరియల్‌ను మరిచిపోలేదు. చివరి భాగంలో పిల్లలందరూ గడ్డకట్టిపోవడంతో కథ ఆగింది. ఇరవై ఏళ్లు ఎదురుచూశారు. 2023 మేలో అది తిరిగి మొదలైంది. కథలోనూ ఇరవై ఏళ్లు గడిచినట్టు చూపించి మంచు కరిగించారు. లింకన్ లేచాడు, జోన్ లేచింది, క్లియోపాత్రా, కెన్నెడీ లేచారు. 2024లో మరో విడత వచ్చి మళ్లీ ఆగింది. గాంధీని మాత్రం ఆ మంచుగడ్డలోనే ఉంచేశారు.