థానోస్ గాంట్లెట్: ఫోన్ గేమ్‌లో విలన్ అయ్యే ఛాన్స్ ఎలా వచ్చింది, ఎటు పోయింది?

ఈరోజు ఎపిసోడ్ ఒక గాంట్లెట్ గురించి. థానోస్ చేతికి వేసుకునేదే, కానీ మనం మాట్లాడేది సినిమా గురించి కాదు. 2018 మే 8న ఆ గాంట్లెట్ ఫోర్ట్‌నైట్ మ్యాప్ మీద ఆకాశం నుంచి ఉల్కలా పడింది. ముందు ఎవరు అందుకుంటే వాళ్లే థానోస్. ఓ వారం నడిచి మోడ్ అయిపోయింది. గేమ్స్‌లో విలన్‌గా ఆడటం అనే ఐడియా ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో అర్థం కావాలంటే ఆ వారం గురించి తెలియాలి.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. చాలా కాలం గేమ్స్‌లో విలన్ అంటే బాస్. చివరి లెవెల్‌లో కూర్చుని ఉంటాడు, వాణ్ణి నడిపేది కంప్యూటర్. మనం కొట్టాలి, అంతే. మెల్లగా ఆ సీటు మనుషులకి ఇవ్వడం మొదలైంది. 2008లో లెఫ్ట్ 4 డెడ్‌లో ఒక టీమ్ మనుషులుగా, ఇంకో టీమ్ జాంబీలుగా ఆడే వెర్సస్ మోడ్ వచ్చింది. 2015 స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్‌లో మ్యాప్ మీద దొరికే టోకెన్ తీసుకుంటే డార్త్ వేడర్ అయిపోవచ్చు. 2016లో వచ్చిన డెడ్ బై డేలైట్‌లో ఒకడు హంతకుడు, నలుగురు పారిపోయేవాళ్లు.

కానీ బ్యాటిల్ రాయల్‌లో ఇది అంత ఈజీ కాదు. ఎందుకంటే ఆ గేమ్ మొత్తం ఒకే మాట మీద నిలబడింది: వంద మంది ఖాళీ చేతులతో దూకుతారు, అందరూ సమానం. అందులో ఒకడికి రాక్షస బలం ఇస్తే ఆట చెడిపోతుంది కదా?

ఇక్కడే థానోస్ కథ మొదలవుతుంది. అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్ డైరెక్టర్లు రూసో బ్రదర్స్ ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్లు. ఎపిక్ గేమ్స్ క్రియేటివ్ హెడ్ డొనాల్డ్ మస్టర్డ్‌తో వాళ్లు మాట్లాడటంతో ఈ మోడ్ పుట్టింది. దీని రూల్స్ చూడండి. థానోస్ అయితే దెబ్బలకి తట్టుకునే బలం వస్తుంది, చేతి నుంచి లేజర్ వస్తుంది, ఎత్తుకి ఎగిరి నేల మీద గుద్దొచ్చు. బదులుగా తుపాకీ పట్టలేరు, గోడలు కట్టలేరు. మీరు ఎక్కడున్నారో మ్యాప్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. చచ్చిపోతే గాంట్లెట్ కింద పడుతుంది, పక్కనున్నవాడు వేసుకుంటాడు.

నేను కోడింగ్ ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఇందులో బాగా నచ్చింది ఒకటుంది. పవర్ ప్లేయర్ అకౌంట్‌లో లేదు, ఒక వస్తువులో ఉంది. మీ లెవెల్ ఎంత, ఎన్నేళ్లుగా ఆడుతున్నారు, ఎంత డబ్బు పెట్టారు, గాంట్లెట్‌కి ఇవేవీ అక్కర్లేదు. నిన్న డౌన్‌లోడ్ చేసుకున్నవాడు కూడా ఇవాళ థానోస్ కావచ్చు. అలా సమానత్వం చెడకుండానే రాక్షసుడు వచ్చేశాడు.

దాంతో ఆట రూపమే మారిపోయింది. అప్పటిదాకా ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లు, మాట కూడా అనుకోకుండా, థానోస్ మీదకి తుపాకులు తిప్పేవాళ్లు. వాడు పడగానే ఆ స్నేహం సెకన్లలో ఆవిరి. అందరూ గాంట్లెట్ కోసం పరుగు. ఇప్పటిదాకా విలన్‌ని కొట్టినవాడే ఇప్పుడు విలన్, మిగతా అందరికీ టార్గెట్. అంటే ఈ గేమ్‌లో విలన్ ఒక మనిషి కాదు, ఒక కుర్చీ. ఎవరు కూర్చుంటే గురి వాళ్ల మీదకే.

మరి మన దగ్గర ఎంతమంది దీన్ని ఆడారు? ఫోన్ మీద అయితే చాలా తక్కువ. ఐఫోన్‌కి ఫోర్ట్‌నైట్ 2018 మార్చిలో వచ్చింది. ఆండ్రాయిడ్‌కి ఆగస్టులో, అదీ ముందు శామ్‌సంగ్ ఫోన్లకి. థానోస్ వచ్చి వెళ్లింది మే నెలలో. మన దేశంలో ఎక్కువ మంది చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్. నేను కూడా బీటెక్ హాస్టల్‌లో వేరేవాళ్లు ఆడే వీడియోలే చూశాను. మన చేతికి అందింది పబ్జీ మొబైల్. 2019 ఫిబ్రవరిలో అందులో రెసిడెంట్ ఈవిల్ జాంబీలు వచ్చాయి, కానీ వాటిని చంపడమే మన పని. తర్వాత అదే ఏడాది ఇన్ఫెక్షన్ మోడ్‌లో కొందరు ప్లేయర్లు జాంబీలుగా మారి, దొరికినవాళ్లని కూడా జాంబీలుగా మార్చేవాళ్లు.

నిజానికి విలన్ వేషం మన తెలుగోళ్లకి కొత్త కాదు. 1977లో దానవీరశూరకర్ణలో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు వేసి, దుర్యోధనుడు కూడా తానే వేశారు. ఇన్ఫినిటీ వార్ తెలుగు వెర్షన్‌లో థానోస్‌కి గొంతు ఇచ్చింది ఎవరు? భల్లాలదేవుడిగా చేసిన రానా. మనకి విలన్ పాత్ర అంటే బరువున్న పాత్ర. కిరీటం పెట్టుకుంటే సరిపోదు, ఆ పాత్ర మొయ్యాలి. ఈ వేషం, పాత్ర అనే తేడా గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు పనికొస్తుంది.

2019 ఏప్రిల్‌లో ఎండ్‌గేమ్ టైమ్‌కి థానోస్ తిరిగొచ్చాడు. ఈసారి రెండు టీమ్‌లు. ఒకటి హీరోలు, ఇంకోటి చిటారీ సైన్యం. ఆ సైన్యంలో మొదటి ఇన్ఫినిటీ స్టోన్ దొరికినవాడు థానోస్. అంటే విలన్‌కి ఇప్పుడు తోడు దొరికింది. మొదటిసారి ఉన్న ఒంటరితనం పోయింది.

2020లో విలన్ గేమ్ బయటికి వచ్చేశాడు. ఆగస్టు 13న ఎపిక్ తన సొంత పేమెంట్ పెట్టడంతో యాపిల్, గూగుల్ రెండూ ఫోర్ట్‌నైట్‌ని తమ స్టోర్ల నుంచి తీసేశాయి. అదే రోజు ఎపిక్ యాపిల్‌ని విలన్‌గా చూపిస్తూ వీడియో వదిలింది. పది రోజులకి టోర్నమెంట్ పెట్టి, యాపిల్ పండు తలకాయతో సూటు వేసుకున్న టార్ట్ టైకూన్ అనే స్కిన్‌ని పాయింట్లు తెచ్చుకున్నవాళ్లకి ఫ్రీగా పంచింది. కంపెనీ తన శత్రువునే వేషం చేసేసింది! ఆ వెంటనే డాక్టర్ డూమ్ ఉన్న మార్వెల్ సీజన్ మొదలైంది. ఐఫోన్ వాళ్లకి ఆ అప్‌డేట్ రాలేదు. ఇద్దరు పెద్దోళ్ల గొడవలో నష్టపోయింది ఫోన్‌లో ఆడుకునే పిల్లలు.

ఇక 2021 జూన్‌లో థానోస్ స్కిన్‌గా వచ్చాడు. వీ-బక్స్ పెట్టి కొనుక్కోవచ్చు. లేజర్ లేదు, గుద్దు లేదు. ఒళ్లు చూడ్డానికి థానోస్‌దే, బలం మాత్రం అందరిదీ ఒకటే. 2018లో థానోస్ అవ్వడానికి డబ్బు అక్కర్లేదు, కానీ అయ్యాక 99 మంది మీదకి వచ్చేవాళ్లు. 2021లో డబ్బు కావాలి, అయ్యాక ఎవరూ పట్టించుకోరు. ముందు ఇచ్చింది పాత్ర, తర్వాత అమ్మింది వేషం.

ఇందులో న్యాయం కూడా ఉందని ఒప్పుకోవాలి. పవర్‌ని అమ్మితే ఉన్నోడే గెలుస్తాడు, అది ఇంకా ఘోరం. స్కిన్లు అమ్మి గేమ్‌ని ఫ్రీగా ఉంచడం దానికంటే చాలా నయం. నా బాధ స్కిన్ అమ్మినందుకు కాదు. రెండూ ఒకటే అని మనం అనుకోవడం మొదలుపెట్టాం చూడండి, అందుకు. విలన్‌గా ఆడటం అంటే, నిన్నటి దాకా నువ్వు ఎవరి మీద కాల్చావో ఆ చోట నిలబడి, అందరి గురీ నీ మీద ఉంటే ఎలా ఉంటుందో తెలుసుకోవడం. అది ఏ షాప్‌లోనూ దొరకదు.

కాబట్టి ఈసారి మీ గేమ్‌లో ఏదైనా విలన్ స్కిన్ సేల్‌కి వస్తే, కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది వేసుకుంటే నా ఆటలో ఏం మారుతుంది? ఏమీ మారదు అనిపించినా, లుక్ నచ్చితే హ్యాపీగా కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ మీ ఇంట్లో వాళ్ల కార్డు మీద కొనేటట్టయితే, ఆ ప్రశ్న రెండుసార్లు వేసుకోండి. మీరు విలన్‌గా ఆడిన బెస్ట్ మ్యాచ్ ఏదో కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.