ఖైనీ పెట్టిన బుగ్గ: పత్తి, మిర్చి చేలలో జన్యుహానికి ఆధారాలు

దాచేపల్లి చుట్టుపక్కల చేలలో పని చేసే మనిషి నోటి కణాల్లో జన్యుహాని కనబడితే, దానికి కారణం ఖైనీయా, పత్తికీ మిర్చికీ కొట్టే పురుగుమందా? రెండూ ఒకే ఒంట్లో చేరుతున్నప్పుడు తొందరపడి ఒకదాన్నే దోషిగా నిలబెట్టకూడదు.

ఖైనీలో హుషారునిచ్చేది, అలవాటు వదలనివ్వనిది నికోటిన్. జన్యుహాని విషయంలో గట్టి ఆధారాలు మాత్రం పొగాకును ఆరబెట్టి, పదును చేసి, నిల్వ ఉంచేటప్పుడు పుట్టే నైట్రోసమైన్ల మీద ఉన్నాయి. వాటిలో ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే రెండింటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఇక గుట్కాలోనైతే పొగాకుతో పాటు వక్క కూడా ఉంటుంది. పొగాకు కలవని వక్కను సైతం ఆ సంస్థ 2004లో మొదటి వర్గంలోనే పెట్టింది. వక్కలోని అరెకోలిన్‌ను విడిగా పరిశీలించినప్పుడు మాత్రం అంతకంటే కింది 2బి (క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి) వర్గంతో ఆగింది. వక్క మీదున్న ఆధారమంతా అరెకోలిన్ ఒక్కదాని ఖాతాలో వేయలేం.

దాచేపల్లి, దాని దగ్గరి పిడుగురాళ్లది సున్నపురాయి నేల, సున్నానికి కొదవ లేదు. అరచేతిలో పొగాకుతో కలిపి నలిపే సున్నం పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, అది క్షారత పెంచి నికోటిన్‌ను నోటి పొర సులువుగా దాటే రూపంలోకి మారుస్తుంది. వక్కతో చేరినప్పుడు అదే క్షారత వల్ల డీఎన్‌ఏను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి.

ఈ హానిని చూడటానికి బుగ్గ లోపలి కణాలను మెల్లగా గీకి, రంగు వేసి, సూక్ష్మకేంద్రకాలను లెక్కిస్తారు. కణం విడిపోయేటప్పుడు కేంద్రకంలో చేరకుండా బయట మిగిలిపోయిన క్రోమోజోము ముక్కలో, పూర్తి క్రోమోజోములో ఇవి. పరిశోధకుడు హన్స్ స్టిచ్ బృందం 1982లో మన దేశపు ఖైనీ వాడకందార్లలో ఇవి ఎక్కువగా ఉన్నట్టు చూపింది. ఇవి ఎక్కువైనంత మాత్రాన క్యాన్సర్ వచ్చినట్టు కాదు, ఫలానా మనిషికి వస్తుందని చెప్పడానికీ చాలవు.

పురుగుమందు మీదా ఆధారాలున్నాయి. పత్తి చేలలో మందు కొట్టేవారి రక్తకణాల్లో క్రోమోజోము లోపాలు ఎక్కువని ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రవేత్తలు 1980ల చివర్లో ప్రచురించారు. పొగతాగే పిచికారీ కూలీలనూ వాళ్లు పరీక్షించారు. ఆర్సెనిక్ లేని పురుగుమందులను వృత్తిగా చల్లడాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో 2ఎ (బహుశా క్యాన్సర్ కలిగించేవి) వర్గంలో చేర్చింది.

అందుకే ఖైనీ వాడేవారినీ వాడనివారినీ పోల్చి ఊరుకుంటే చాలదు. నా ఉద్దేశంలో ఒకే మనిషి రెండు బుగ్గలనూ పోల్చడం మేలు. చర్మం ద్వారా, ఊపిరి ద్వారా ఒంట్లోకి పోయే మందు రక్తంలో కలిసి రెండు వైపులకూ ఇంచుమించు ఒకేలా చేరుతుంది. ఖైనీ ముద్ద మాత్రం చాలామంది ఎప్పుడూ ఒకే పక్కన పెట్టుకుంటారు. ఆ పక్కనే సూక్ష్మకేంద్రకాలు పెరిగితే పొగాకు మీద అనుమానం బలపడుతుంది. రెండు పక్కలా పెరిగితే మందును లెక్కలోకి తీసుకోవాలి. లాలాజలం పొగాకు రసాన్ని నోరంతా పరుస్తుంది కాబట్టి తేడా కొంత చెరిగిపోతుంది, పక్కలు మార్చేవారిని వేరుగా చూడాలి. కణం లోపలి పొరలో పుట్టి పైకి రావడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కాబట్టి పిచికారీలు ముమ్మరంగా సాగాక రెండు మూడు వారాలు గడిచిన తర్వాత ఒకసారి, మందు వాసన లేని ఎండాకాలంలో మరోసారి, అవే నోళ్ల నుంచి నమూనాలు తీయాలి.