ఎనిమిది పొరల పాత చీర

పాత చీర మన ఇళ్ళలో ఎన్ని పనులకొస్తుందో చెప్పుకుంటూ పోతే తెమలదు. బొంత, ఉయ్యాల, పురిటి బిడ్డకి పొత్తిగుడ్డ, నెలసరి గుడ్డ, పొయ్యి దగ్గర మసిగుడ్డ, పానకం వడకట్టే వడగుడ్డ. ఇవేవీ చరిత్రలోకి ఎక్కలేదు. ఒక్క వడగుడ్డకి మాత్రం అమెరికా ప్రభుత్వ గ్రాంటు దొరికింది. సాహిత్యం చదువుకున్న నేను కలరా పరిశోధనా పత్రాలు ముందేసుకుని కూచోవడానికి కారణం ఆ గ్రాంటే.

కథ జరిగింది బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో. ఢాకాకి ఆగ్నేయంగా, మేఘనా నది దగ్గర, కాలవలూ చెరువులూ అల్లుకున్న పల్లెలు. అది తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు, 1960లో, ఢాకాలో కలరా పరిశోధనశాల పెట్టారు. డబ్బు ‘సీటో’ అనే సైనిక కూటమి ద్వారా వచ్చింది. ఆగ్నేయాసియాలో తమ సైన్యాలకు కలరా సోకుతుందన్న భయం లేకపోతే ఆ పల్లెల ఆడవాళ్ళ కడుపునొప్పులు ఎవరికి పట్టేవి? 1963లో మత్లబ్‌లో క్షేత్ర కేంద్రం వచ్చింది. అప్పట్నుంచీ అక్కడ ఎవరు పుట్టినా, పోయినా, విరేచనాలతో ఆస్పత్రికొచ్చినా లెక్క రాస్తూనే ఉన్నారు. ప్రపంచంలో ఇంతగా లెక్కకెక్కిన పల్లెలు తక్కువ.

కలరా క్రిమి మనిషి నుంచి మనిషికే పోతుందనీ, బయట నీళ్ళలో ఎక్కువకాలం బతకదనీ చాలాకాలం నమ్మారు. రీటా కాల్వెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసిన అన్వర్ హక్, మరికొందరు కలిసి అది నీళ్ళలోనే కాపురముంటుందని చూపించారు. చెరువుల్లో, నదీముఖాల్లో కంటికి ఆనీ ఆనని కోపిపాడ్లనే చిన్న జీవాలుంటాయి. క్రిమి వాటిని అంటిపెట్టుకుని ఉంటుంది. సముద్రం వేడెక్కితే ప్లాంక్టన్ పెరుగుతుంది, దాన్ని తినే కోపిపాడ్లూ పెరుగుతాయి, వాటితో పాటే కలరా. 1996లో కాల్వెల్ ‘సైన్స్’ పత్రికలో వాతావరణానికీ అంటురోగాలకీ ఉన్న ఈ లంకెను వివరించింది. 2000 నాటికి ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిని బంగ్లాదేశ్ కలరా లెక్కల పక్కన పెట్టి చూశారు. వాతావరణం మారితే ఆరోగ్యానికేమవుతుందని ఇప్పుడందరూ అడుగుతున్న ప్రశ్నకి తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

ఈ కాల్వెల్‌కి 1956లో, పై చదువుకి ఫెలోషిప్ అడిగితే, ఆడవాళ్ళ మీద ఫెలోషిప్పులు వృథా చెయ్యమని జవాబొచ్చింది. తర్వాత 1998లో ఆమే అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌కి మొదటి మహిళా డైరెక్టరయింది. 2020లో రాసిన ఆత్మకథకి ‘ఎ లాబ్ ఆఫ్ వన్స్ ఓన్’ అని పేరు పెట్టుకుంది. వర్జీనియా వుల్ఫ్ గది మాత్రమే అడగలేదు, ఏడాదికి 500 పౌండ్లు కూడా అడిగింది. గది మాట ఎత్తినంతగా మనం ఆ డబ్బు మాట ఎత్తం.

క్రిమి కోపిపాడ్‌ని పట్టుకుని ఉంటే, కోపిపాడ్‌ని ఆపితే చాలు. నీళ్ళు కాచుకోవచ్చుగా అనడం తేలికే. వరదల్లో ఎండు పుల్ల దొరకని చోట, అన్నానికే వంటచెరకు చాలనిచోట కాచడమెలా? పరిశోధకులు చుట్టూ చూశారు. ఇంట్లో చేసిన షర్బత్తుల్లోంచి ఆకులూ పురుగులూ తీసెయ్యడానికి ఆ ఆడవాళ్ళు చీర గుడ్డతో వడకడుతూనే ఉన్నారు. కొత్త చీరకన్నా పాతది మేలని పరీక్షల్లో తేలింది. ఉతికి ఉతికి దారాలు మెత్తబడి నేతలో సందులు పూడుకుంటాయి. మూడుసార్లు మడతపెడితే ఎనిమిది పొరలు. దాన్ని బిందె మూతికి చుట్టి నీళ్ళు ముంచితే, ప్లాంక్టన్‌ని అంటిపెట్టుకున్న క్రిముల్లో 99 శాతం గుడ్డ మీదే ఆగిపోయాయి. ఇది 1996లో ప్రయోగశాలలో తేలిన మాట.

పల్లెల్లో పరీక్షించి ఫలితాలు ప్రచురించేసరికి 2003 వచ్చింది. 65 ఊళ్ళు, సుమారు 1,33,000 మంది. చీరతో వడకట్టిన ఊళ్ళలో కలరా 48 శాతం తగ్గింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో దీనికి డబ్బిచ్చింది అంటురోగాల విభాగమనుకుంటాం. కాదు, నర్సింగ్ పరిశోధనా విభాగం. అక్కడున్న చిన్న బడ్జెట్లలో దానిదొకటి. రోగిని కడిగి, తుడిచి, నీళ్ళు తాగించే పనిని శాస్త్రంగా ఒప్పుకున్న ఒక్క విభాగానికే బిందె మూతికి కట్టిన గుడ్డ కూడా శాస్త్రంగా కనిపించడం నాకు యాదృచ్ఛికమనిపించదు. టీకాకి పేటెంటు ఉంటుంది, కంపెనీ ఉంటుంది. పాత చీరకి ఏముంది?

అలాగని దీన్ని విజయగాథగా చెప్పబుద్ధి కాదు. ఆ పత్రంలో ఆడవాళ్ళు అంకెలుగానే ఉన్నారు, వడకట్టే అలవాటు వాళ్ళదే అయినా రచయితల పేర్లు వేరు. నీళ్ళు మోసే పనికి వడకట్టడం, ఆ గుడ్డని ఉతికి ఆరెయ్యడం తోడయ్యాయి. ఈ శ్రమకి ఏ గ్రాంటులోనూ పద్దు లేదు. పాత చీర ఉచితమని రాస్తారు గానీ, ఉన్న రెండు చీరల్లో ఒకటి చిరిగేదాకా కట్టుకునే మనిషికి అది ఉచితమెలా అవుతుంది? 1980లలో బ్రాక్ సంస్థ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్ళకి వెళ్ళి, ఉప్పూ బెల్లంతో విరేచనాల మందు కలపడం తల్లులకి నేర్పారు. నేర్పినామెకి జీతం, నేర్చుకున్న తల్లికి ఎంత గుర్తుందన్న దాన్నిబట్టి ఇచ్చారు. తల్లి జ్ఞాపకానికి వెల కట్టారు సరే, ఆ డబ్బు తల్లికి చేరలేదు.

మన దగ్గరా ఈ గుడ్డకి చరిత్ర ఉంది. నారికురుపు గుర్తుందా? (ఆ నారి మనం కాదులెండి, కాల్లోంచి దారంలా బయటికొచ్చే పురుగు.) ఆంధ్రప్రదేశ్‌లో దిగుడుబావుల నీళ్ళు తాగే ఊళ్ళను అది పీడించింది. దాన్ని మోసుకొచ్చే సైక్లాప్స్ కూడా కోపిపాడే. 1980ల్లో మొదలైన నిర్మూలన కార్యక్రమంలో నీళ్ళు గుడ్డతో వడకట్టి తాగమన్న మాట ముఖ్యమైనది. 2000లో భారతదేశానికి ఆ జబ్బు పోయిందన్న ధృవపత్రం వచ్చింది. వడకట్టిన వాళ్ళ మాటలు ఎవరైనా రాసిపెట్టారేమోనని వెతుకుతూనే ఉన్నాను.

ఇప్పుడు వాతావరణం, ఆరోగ్యం కలిపిన పరిశోధనకి నిధులు ఎక్కువగా కనిపిస్తున్నాయి, అంతే తొందరగా మాయమవుతున్నాయి. 2025 మొదట్లో అమెరికా సహాయం నిలిపేయడంతో, మత్లబ్‌ని నడిపే ఢాకా సంస్థలోనే వెయ్యిమందికి పైగా ప్రాజెక్టు సిబ్బంది ఉద్యోగాలు పోయాయి.

మత్లబ్‌లో ప్రాజెక్టు ముగిసిన అయిదేళ్ళకి పరిశోధకులు మళ్ళీ వెళ్ళి ఏడువేల మందికి పైగా ఆడవాళ్ళని అడిగారు. 31 శాతం ఇంకా వడకడుతున్నారు, వాళ్ళలో 60 శాతం చీరతోనే. వడకట్టని పొరుగిళ్ళలో కూడా కలరా తగ్గింది. అసలు ఎవరూ ఏమీ నేర్పకుండా, పోల్చి చూడడానికి వదిలేసిన ఊళ్ళున్నాయి కదా, అక్కడ కూడా 26 శాతం ఇళ్ళలో నీళ్ళు వడకడుతున్నారు.