ఎండలున్న ఊళ్లో ఎముకల బలహీనత: తిరుపతి పరిశోధనలు ఏం తేల్చాయి?

గోదావరి డెల్టాలో రామచంద్రపురం చుట్టుపక్కల ఎండకు కరువు లేదు. వేసవి సంగతి సరే, సంక్రాంతి రోజుల్లో కూడా మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది. అయినా యాభై దాటిన ఆడవాళ్లు చాలామంది సజ్దా నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటారు. నడుము నొప్పి, తొడల్లో పీకులు, మెట్లెక్కితే ఆయాసం కంటే ముందు కాళ్లే మొరాయించడం ఏ ఇంట్లో అడిగినా వినిపించే మాటలే. దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి "వయసు మీద పడింది కదా". రెండోది, ముస్లిం ఇళ్ల విషయంలో మరీ తొందరగా వచ్చేది, "బురఖా వల్ల ఎండ తగలదు, అందుకే".

రెండో జవాబులో నిజం లేకపోలేదు. కానీ అది సగం నిజమే. మిగతా సగం ఏమిటో తెలుసుకోవాలంటే తిరుపతిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పనిని చూడాలి. శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అంటే స్విమ్స్‌లో, ఎండోక్రైనాలజీ విభాగంలో పనిచేస్తున్న రోజుల్లో ఆయన ఎముకలు, కాల్షియం, విటమిన్ డి మీద వరసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. 2007లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో ఒకటి, 2008లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఆంధ్రప్రదేశ్‌లో విటమిన్ డి స్థితి మీద ఇంకొకటి వచ్చాయి. వాళ్లు పరీక్షించింది ఆసుపత్రికి వచ్చిన రోగులను కాదు, ఏ జబ్బూ లేని మామూలు జనాన్ని. 2007 పత్రంలో పట్టణవాసులు 943 మంది, పల్లెవాసులు 205 మంది.

పల్లెవాళ్లు వ్యవసాయ కూలీలు. ఉదయం ఎనిమిదికి పొలంలో దిగితే సాయంత్రం ఐదు దాకా ఎండలోనే. ముఖం, ఛాతీ, వీపు, చేతులు, కాళ్లు అన్నీ ఎండకే. పట్టణంవాళ్లు ఎక్కువగా నీడపట్టున పనిచేసేవాళ్లు. రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం అని లెక్క వేశారు. పట్టణ స్త్రీలలో 75 శాతానికి, పట్టణ పురుషులలో 62 శాతానికి లోపం ఉంది. పల్లె స్త్రీలలో 70 శాతం. రోజంతా చొక్కా లేకుండా ఎండలో పనిచేసే పల్లె మగవాళ్లలో కూడా 44 శాతం.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. వాళ్లు బురఖా వేసుకునేవాళ్లు కాదు, గదుల్లో కూర్చునేవాళ్లూ కాదు. ఎండే మొత్తం కారణం అయితే వాళ్లలో ఇంతమందికి లోపం ఉండకూడదు. పల్లెవాళ్లకు పట్టణంవాళ్ల కంటే విటమిన్ డి ఎక్కువే ఉంది, అంటే ఎండ పనిచేసింది. కానీ చాలినంత పనిచేయలేదు. ఎందుకు?

జవాబు కంచంలో దొరికింది. పల్లె, పట్టణం తేడా లేకుండా అందరి భోజనంలోనూ కాల్షియం భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు చేసిన దానికంటే తక్కువ. పల్లెల్లో మరీ తక్కువ. పైగా అక్కడి తిండిలో ఫైటేట్ అనే పదార్థం కాల్షియంతో పోలిస్తే ఎక్కువ పాళ్లలో ఉంది. ఫైటేట్ ధాన్యాలు, పప్పుల పైపొరల్లో ఉంటుంది. పేగుల్లో కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు.

ఇక్కడ ఎముక పనితీరు కొంచెం తెలియాలి. ఎముక రాయి లాంటిది అనుకుంటాం గానీ అది జీవమున్న కణజాలం. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను తవ్వుతుంటాయి, ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్తది పూడుస్తుంటాయి. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా రక్తంలో కాల్షియం ఒక స్థాయిలో ఉండి తీరాలి. తిండిలోంచి రాకపోతే ఒళ్లు ఊరుకోదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను వదిలి ఎముకలో దాచిన కాల్షియాన్ని బయటికి తీయిస్తాయి. ఇంట్లో బియ్యం నిండుకుంటే విత్తనాల గాదె తెరిచినట్టు. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది, గాదె మాత్రం ఖాళీ అవుతుంటుంది. అందుకే "కాల్షియం టెస్టు నార్మలే వచ్చింది" అన్న మాట నమ్ముకుని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఆ హార్మోను ఇంకో పని కూడా చేస్తుంది. విటమిన్ డి నిల్వలను చురుకైన రూపంలోకి మార్చమని కిడ్నీని తొందరపెడుతుంది. ఆ చురుకైన రూపం పెరిగితే నిల్వలోని విటమిన్ డి త్వరగా కరిగిపోతుందని 1987లో నేచర్ పత్రికలో ఎలుకల మీద చేసిన ప్రయోగం చూపించింది. తిరుపతి బృందం తమ ఫలితాలను ఈ దారిలోనే వివరించింది. కాల్షియం లేని తిండి, ఎండ సంపాదించి పెట్టిన విటమిన్ డిని కూడా ఖర్చు చేసేస్తుంది.

ఇదే వరసలో మన గోదావరి వాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఒకటుంది. ఎముకల జబ్బుల్లో రక్తంలోని ఫాస్ఫరస్‌ను కూడా కొలుస్తారు. ఆ కొలతకు దశాబ్దాల పాటు ప్రపంచమంతా వాడిన రంగుల పద్ధతి పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావే. ఆ పత్రం 1925 నాటిది.

మళ్లీ ఎండ సంగతికి వస్తే, పొద్దున్నే లేత ఎండలో నిలబడితే విటమిన్ డి వస్తుందని మన దగ్గర గట్టి నమ్మకం. పసిపిల్లలను కూడా అలాగే ఎండలో చూపిస్తారు. హరినారాయణ్ బృందం, అమెరికాలో విటమిన్ డి పరిశోధనకు పేరున్న మైఖేల్ హోలిక్‌తో కలిసి 2013లో ప్రచురించిన పత్రం ఈ నమ్మకాన్ని తిరగేసింది. మన చర్మంలో విటమిన్ డికి ముడిసరుకైన పదార్థాన్ని చిన్న గాజు గొట్టాల్లో పోసి తిరుపతి ఎండలో గంట గంటకూ పెట్టి చూశారు. ఏడాది పొడుగునా, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే ఎక్కువ విటమిన్ డి తయారైంది. విటమిన్ డిని పుట్టించే అతినీలలోహిత కిరణాలు సూర్యుడు నెత్తి మీదికి వచ్చినప్పుడే బాగా చేరతాయి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు.

బురఖా విషయం దాచిపెట్టాల్సింది కాదు. 1996లో కువైట్‌లో, 2000లో డెన్మార్క్‌లో ప్రచురించిన అధ్యయనాలు ఒళ్లంతా కప్పుకునే స్త్రీలలో విటమిన్ డి బాగా తక్కువని చూపించాయి. డెన్మార్క్ పత్రంలో మనకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. అక్కడి డేనిష్ మూలాలున్న ముస్లిం స్త్రీలకు రోజుకు సుమారు 600 యూనిట్ల విటమిన్ డి అందుతున్నా రక్తంలో స్థాయి చాలా తక్కువగానే ఉంది. అంటే ఎండ తగలనివాళ్లకు మామూలు మోతాదు చాలదు. ఇది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. "నేను బయట పూర్తిగా కప్పుకుంటాను" అని చెబితేనే ఆయన మోతాదు సరిగ్గా నిర్ణయించగలరు.

పర్దా, ఎండ రెండూ కుదిరే చోటు ఇంట్లోనే ఉంది. చుట్టూ గోడ ఉన్న మేడ, పెరడు, పక్కింటివాళ్ల చూపు పడని వసారా. జుహర్ నమాజుకు ముందు కాసేపు చేతులు మోచేతుల పైదాకా, కాళ్లు మోకాళ్ల దాకా తెరిచి కూర్చుంటే చాలా వరకు పని జరుగుతుంది. ఎంతసేపన్నది చర్మపు రంగును బట్టి ఉంటుంది. నల్లని చర్మానికి ఎక్కువ సమయం కావాలి. మే నెల వడగాడ్పుల్లో మాత్రం ముసలివాళ్లు, గర్భిణులు ఈ ప్రయోగం చేయకూడదు. అపార్టుమెంటుల్లో ఉండేవాళ్లకు ఈ వసతి కూడా దొరకదు, వాళ్లకు మందే దారి.

తిండి విషయంలో డెల్టా ఇళ్లకు ఒక చిక్కుంది. ఇక్కడ మూడు పూటలా వరి. పాలిష్ బియ్యం వంద గ్రాముల్లో కాల్షియం పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని 2020 జాతీయ సిఫారసు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు, మునగాకులో 300కు పైగా, ఒక గ్లాసు పాలలో దాదాపు 250 ఉంటుంది. ముల్లుతో సహా నమిలి తినే మెత్తళ్ల లాంటి చిన్న చేపలు మంచి ఆధారం. ముల్లు తీసేసి తినే పెద్ద చేపలో అంత కాల్షియం రాదు. పిండిని పులియబెడితే ఫైటేట్ కొంత విరుగుతుంది. ఇడ్లీ, దోసె, నాన్ అలాంటివే. రాగులు నానబెట్టి మొలకెత్తించినా అంతే.

పాయా సంగతి చెప్పకపోతే దాదీమాలు ఒప్పుకోరు. రాత్రంతా ఉడికిన పాయా ఎముకలకు బలమని ప్రతి ఇంట్లో నమ్మకం. అందులో జెలటిన్ ఉంటుంది, రుచి ఉంటుంది. కాల్షియం మాత్రం నీళ్లలోకి పెద్దగా దిగదు, ఎముకలోనే ఉండిపోతుంది. రంజాన్‌లో సెహ్రీకి ఒక గిన్నె పెరుగు చేసే మేలు అది చేయలేదు.

తిరుపతి అంకెల మీద అభ్యంతరాలు కూడా ఉన్నాయి. 20 నానోగ్రాముల గీత కంటే తక్కువ ఉన్నవాళ్లందరికీ ఎముక జబ్బు ఉన్నట్టు కాదని, గీత కిందికి దించితే లోపం శాతాలు బాగా తగ్గుతాయని చాలామంది నిపుణులు అంటారు. 2024లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ విటమిన్ డి పరీక్ష చేయించాల్సిన పని లేదని చెప్పింది. ఇంటిల్లిపాదీ ల్యాబుకు పరిగెత్తి వేలు ఖర్చు పెట్టనక్కర్లేదన్నమాట. కానీ కూర్చుని లేవలేకపోవడం, బాతులా ఊగుతూ నడవడం, పక్కటెముకల్లో, తుంటిలో నొక్కితే నొప్పి, పిల్లలకు కాళ్లు వంకర తిరగడం కనిపిస్తే అది వయసూ కాదు, గ్యాసూ కాదు. ఎముకలు మెత్తబడే జబ్బు కావచ్చు. పిల్లల్లో దాన్నే రికెట్స్ అంటారు. దీనికి పరీక్ష తప్పదు, మందుతో చాలా వరకు నయమవుతుంది. బహిష్టులు ఆగిన తర్వాత జారిపడి తుంటి లేదా మణికట్టు విరిగితే, విరిగిన ఎముకకు కట్టు కట్టించి ఊరుకోకుండా ఎముక సాంద్రత కూడా చూపించుకోవాలి.

మందులో హలాల్ సందేహం చాలామందికి ఉంటుంది. విటమిన్ డి3ను ఎక్కువగా గొర్రె ఉన్ని నుంచి తీసిన కొవ్వుతో తయారుచేస్తారు. సందేహం వచ్చేది గుళిక తొడుగుకు వాడే జెలటిన్ దగ్గర. అది వద్దనుకునేవాళ్లకు పొడి పొట్లాలు, ద్రవరూపం, నమిలే మాత్రలు మందుల షాపుల్లో దొరుకుతాయి. 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి చొప్పున, డాక్టరు చెప్పినన్ని వారాలే వాడాలి. అదే మందును పొరపాటున రోజూ నెలల తరబడి వాడితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మతిమరుపు, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది. చీటీ మీద "వారానికి" అని రాసి ఉందో, "రోజుకు" అని ఉందో షాపులోనే అడిగి తెలుసుకుని ఇంటికి రావాలి.