నయాగరా వద్దనుకున్న పిల్లలు

2008 వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. అటావాపిస్కాట్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు నయాగరా జలపాతం చూసి రావాలని ఆశపడుతున్నారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు ఉత్తర భాగంలో, జేమ్స్ అఖాతం దగ్గర ఉన్న క్రీ మూలవాసుల ఊరది. అక్కడికి ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. చలికాలంలో నదులూ బురదనేలలూ గడ్డకట్టాక వాటి మీదుగా మంచుబాట వేస్తారు. అది కరిగిపోతే విమానమే దిక్కు. టొరంటోలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన మన అమ్మానాన్నలు కూడా నయాగరా ముందు ఫొటో దిగకుండా రారు కదా. అలాంటప్పుడు ఆ ఊరి పిల్లలకు ఈ యాత్ర ఎంత సంబరమో వేరే చెప్పాలా!

అంతలో, కొత్త బడి కావాలన్న ఊరి విన్నపానికి దేశ రాజధాని ఒట్టావా నుంచి జవాబొచ్చింది. బడి కట్టడానికి డబ్బు లేదట.

పిల్లలు తరగతిలో కూర్చుని మాట్లాడుకున్నారు. నయాగరా మానేద్దాం, ఒట్టావా పోదాం, మంత్రినే నిలదీసి అడుగుదాం అనుకున్నారు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు!

అసలు వాళ్ల బడికి ఏమైంది? 1979లో బడి కింద డీజిల్ పైపు కారి, లక్ష లీటర్లకు పైగా నేలలోకి ఇంకింది. ఆ కంపులోనే ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పారు. పిల్లలకూ టీచర్లకూ తలనొప్పులు, కడుపులో తిప్పడం. 2000లో తల్లిదండ్రులు ఇక మా పిల్లల్ని పంపం అని తేల్చేశారు. బడి మూతపడింది. కొన్నాళ్ల పాటని చెప్పి, ఆ పాడైన నేల పక్కనే పోర్టబుల్ గదులు తెచ్చి దించారు. ఆ కొన్నాళ్లు ఏళ్లకేళ్లయ్యాయి. తలుపులు సరిగ్గా మూసుకోవు. లోపల ఎలుకలు తిరుగుతుంటాయి. హీటర్ ఆగిపోతే కోట్లు విప్పకుండానే పాఠం వినాలి. కంప్యూటర్ క్లాసుకో, జిమ్‌కో, లైబ్రరీకో పోవాలంటే ఆరుబయట నడవాలి. మైనస్ 40 డిగ్రీల చలి. కోటు, టోపీ, గ్లౌజులు, బూట్లు అన్నీ తగిలించుకోవడం, అవతలి గదికి చేరగానే అన్నీ విప్పడం, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే తంతు.

మిగతా ఒంటారియో పిల్లల చదువు రాష్ట్రం చూసుకుంటుంది. రిజర్వుల్లో, అంటే మూలవాసులకు విడిగా ఉంచిన నేలల్లో ఉండే పిల్లల చదువు మాత్రం కేంద్రం బాధ్యత. ఇది దయాధర్మం కాదు. 1930లో ఈ ఊరిని, మూలవాసులతో ప్రభుత్వం కుదుర్చుకున్న తొమ్మిదో నంబరు ఒప్పందంలో చేర్చుకున్నారు. బడి భవనాలూ టీచర్ల జీతాలూ ప్రభుత్వమే భరిస్తుందని ఆ ఒప్పందంలో రాసుంది. ఒప్పందం పేరున నేల తీసుకున్నారు. బడి దగ్గరకొచ్చేసరికి డబ్బు లేదన్నారు. అదే 2008లో, ఊరికి 90 కిలోమీటర్ల దూరంలో డి బీర్స్ కంపెనీ వజ్రాల గని మొదలైంది.

మే 29. ఒట్టావాలో మూలవాసుల వ్యవహారాల మంత్రి చక్ స్ట్రాల్ కార్యాలయం. ఊరి పెద్దలతో కలిసి పిల్లలు లోపలికి వెళ్లారు. వాళ్లలో ఒకమ్మాయి షానెన్ కూస్టాచిన్. పాత బడి మూసినప్పుడు ఆమెకు ఆరేళ్లు కూడా నిండలేదు. నా గది ఎలా ఉందని మంత్రి పిల్లల్ని అడిగారు. మా తరగతి గది కూడా ఇంత బాగుంటే బాగుండేదని షానెన్ చెప్పింది. కొత్త బడి ఇప్పట్లో కుదరదన్నారు ఆయన. మేం వదిలిపెట్టం అని ఆమె మంత్రి ఎదుటే అనేసింది. మూలవాసులు దేశమంతటా నిరసన తెలుపుతున్న రోజది. పార్లమెంటు మెట్ల దగ్గర గుమిగూడిన జనానికి మంత్రి గదిలో జరిగిందంతా షానెన్ వివరించింది.

సరిగ్గా పదమూడో రోజున, జూన్ 11న, ప్రధాని స్టీఫెన్ హార్పర్ అదే పార్లమెంటులో మూలవాసులకు క్షమాపణ చెప్పారు. పిల్లల్ని తల్లి ఒడి నుంచి లాక్కెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పడేసినందుకు ఆ క్షమాపణ. అటావాపిస్కాట్ తాతలూ అమ్మమ్మలూ ఎందరో చదివింది అలాంటి స్కూల్లోనే, ఫోర్ట్ ఆల్బనీలోని సెయింట్ యాన్స్‌లో. అక్కడ పిల్లల్ని కరెంటు కుర్చీలో కూర్చోబెట్టి షాక్ ఇచ్చేవారని బాధితులు పోలీసులకు వాంగ్మూలమిచ్చారు. బడి పేరు చెబితే ఉలిక్కిపడిన ఊరది. ఆ ఊరి మనవలే మాకు బడి కావాలి, చదువుకుంటామని రాజధాని దాకా వచ్చారు. ఇంతకంటే పెద్ద మనసు ఏ దేశంలో ఏ ప్రజలు చూపించారో నాకు తెలియదు. అలాంటి పిల్లల్ని ఒట్టి చేతులతో పంపేశారు.

షానెన్ ఆగలేదు. ఆమె మాట విని దేశమంతటి నుంచీ బడిపిల్లలు వేలకొద్దీ ఉత్తరాలు ప్రభుత్వానికి రాశారు. అంతర్జాతీయ బాలల శాంతి బహుమతికి ఆమె పేరు వెళ్లింది. మంచి హైస్కూలు చదువు కోసం ఆమె అక్కతో పాటు ఇల్లు విడిచి, వందల కిలోమీటర్ల దూరంలోని న్యూ లిస్కర్డ్ చేరింది. 2009 చివర్లో ప్రభుత్వం దిగొచ్చి బడి కడతామంది. 2010 జూన్ 1న రోడ్డు ప్రమాదంలో షానెన్ చనిపోయింది. పదిహేనేళ్లు.

ఆమె పేరిట ‘షానెన్స్ డ్రీమ్’ ఉద్యమం లేచింది. మూలవాసుల పిల్లలకూ సమానమైన బడులుండాలనే తీర్మానాన్ని 2012 ఫిబ్రవరి 27న కెనడా పార్లమెంటు దిగువ సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. 2014లో అటావాపిస్కాట్‌లో కొత్త ప్రాథమిక పాఠశాల తెరిచారు. షానెన్ బతికుంటే ఆ ఏడాది ఇరవై ఏళ్లు నిండేవి. ఆమె ఈడు పిల్లలెవరికీ ఆ గదుల్లో కూర్చునే భాగ్యం దక్కలేదు.

ఈ అమ్మాయి కథను అలానిస్ ఒబొంసావిన్ అనే మూలవాసీ దర్శకురాలు ‘హై-హో మిస్తహే!’ పేరుతో 2013లో డాక్యుమెంటరీగా తీశారు. ఇంట్లో ఏడో, ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే, ఒక ఆదివారం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.