మరల పారిన అర్వరీ

రాజస్థాన్ రాష్ట్రమున, అల్వర్ జిల్లాలో, ఆరావళీ కొండల నడుమ అర్వరీ అను చిన్న నది కలదు. దాని పొడవు సుమారు 45 కిలోమీటర్లు మాత్రమే. మన గోదావరితో పోల్చినచో అది ఒక వాగు. పాఠశాల గోడపై వ్రేలాడు దేశపటములో దాని పేరు కానరాదు. అయినను 2000వ సంవత్సరమున నాటి రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్‌గారు స్వయముగా ఆ నది యొడ్డునున్న హమీర్‌పూర్ గ్రామమునకు వచ్చి, నది పుట్టుచోటనున్న భాంవతా-కోల్యాలా గ్రామస్థులకు పురస్కారమును అందజేసిరి. అనేక సంవత్సరములు ఎండి ఇసుకదారిగా మిగిలిన నదిని ఆ లోయలోని గ్రామముల ప్రజలు మరల పారించుటయే దీనికి కారణము. ఈ పని ఎట్లు జరిగినది? దీనిలోని శాస్త్రమేమి?

ఆ ప్రాంతమున ఏడాదికి సగటున సుమారు 600 మిల్లీమీటర్ల వర్షము కురియును. రాయలసీమలో పలుతావుల కురియు వర్షము ఇంచుమించు ఇంతయే. ఇందులో చాల భాగము మూడు నెలలలోనే, అదియు కొలది జడివానలుగా వచ్చును. కొండవాలున పడిన నీరు కొద్ది గంటలలో దిగువకు పారిపోవును. దీనిని గుర్తెరిగిన పూర్వులు వాలునకు అడ్డముగా అర్ధచంద్రాకారమున మట్టికట్టలు పోసిరి. ఎగువ వైపు తెరచియుండు ఈ కుంటలను అచ్చట జోహడ్‌లు అందురు.

జోహడ్ నీరు పశువులు త్రాగుటకు పనికివచ్చును. కాని దాని ముఖ్యమైన పని కంటికి కనిపించదు. నిలిచిన నీరు మెల్లగా మట్టిలోనికి, రాతి పగుళ్ల లోనికి ఇంకును. చుట్టుప్రక్కల బావులలో నీటిమట్టము పెరుగును. ఈ భూగర్భ జలమట్టము నది అడుగుకన్న ఎత్తున నున్నంతకాలము నేలలోని నీరు నదిలోనికి ఊరుచుండును. అది నది అడుగుకన్న క్రిందికి దిగినచో, నదిలోని నీరే ఇసుకలోనికి ఇంకిపోవును. కనుక ఎండకాలమున ఒక చిన్న నది పారుచున్నదనగా, గడచిన వానకాలపు నీరు నేలలో దాగి, ఇప్పుడు బయటకు వచ్చుచున్నదని అర్థము. నది ఆరోగ్యమును తెలిసికొనదలచినవారు ముందుగా దాని ప్రక్కనున్న బావిలోనికి తొంగి చూడవలెను.

ఇరువదవ శతాబ్దమున ఈ ఏర్పాటు చెడిపోయెను. అడవులపై గ్రామస్థులకు గల హక్కులు సన్నగిల్లెను. అడవి తమది కాదని తలచినపుడు దానిని కాపాడు పూనిక ఎవరికుండును? చెట్లు నరకబడెను. బోడి కొండలనుండి కొట్టుకొనివచ్చిన మన్ను జోహడ్‌లను పూడ్చివేసెను. ఏటేట పూడిక తీయు ఆచారము తప్పెను. బావులు అడుగంటినవి. యువకులు కూలికై పట్టణములకు పోయిరి. నీటికై దూరము నడచుట స్త్రీల వంతయ్యెను. నదికిని ఊరికిని సంబంధము తెగుట అనగా ఇదియే.

1985లో తరుణ్ భారత్ సంఘ్ అను సంస్థకు చెందిన రాజేంద్ర సింగ్‌గారు కొందరు మిత్రులతో ఈ జిల్లాకు వచ్చిరి. పల్లెలలో వైద్యము, చదువు అందింపవలెనని వారి తలంపు. కాని గోపాల్‌పురా గ్రామపు వృద్ధుడొకరు తమకు ముందు కావలసినది నీరని చెప్పి, పూడిన జోహడ్‌ను త్రవ్వుమనిరి. త్రవ్విన జోహడ్ నిండెను, బావులు ఊరెను. ఈ వార్త ఊరూరికి ప్రాకినది. అర్వరీ పుట్టుచోటను పని మొదలయ్యెను. గ్రామస్థులు తమ వంతుగా శ్రమను ఇచ్చిరి. ఏ వాగు ఎచ్చట ఉరుకునో, ఏ నేల నీటిని పీల్చునో చిన్ననాటినుండి చూచినవారు కట్టకు తగిన తావును చూపిరి. కొన్ని ఏండ్లలో ఆ పరివాహక ప్రాంతమున సుమారు 375 కట్టలు లేచినవి. 1990లో నది మరల పారుట కనిపించెను. 1995 నాటికి ఏడాది పొడవున నీరు నిలిచెను.

నీరు వచ్చిన పిమ్మట చేపలు వచ్చినవి. చేపల వెంట తగవు వచ్చెను. 1996లో చేపలు పట్టు హక్కును ప్రభుత్వము ఒక కాంట్రాక్టరున కిచ్చినది. ఎండిననాడు ఎవరికిని పట్టని నది, నిండిననాడు ఎవరిది? అని గ్రామస్థులు అడిగిరి. ఆ కాంట్రాక్టు రద్దయినది గాని ప్రశ్న మిగిలెను. దానికి జవాబుగా 1999 జనవరి 26న సుమారు 70 గ్రామముల ప్రతినిధులతో 'అర్వరీ సంసద్', అనగా అర్వరీ నదీ పార్లమెంటు, ఏర్పడినది. దీనికి చట్టబలము లేదు. ఊరుమాటకు గల బలమే దాని బలము. నీటిని విస్తారముగా కోరు చెరకు, వరి పైరులు వేయరాదనియు, హోలీ మొదలు వానలు పడువరకు నదినుండి నేరుగా నీరు తోడరాదనియు అది కట్టుబాట్లు చేసికొనెను.

ఈ కట్టుబాట్లు లేనిచో కట్టలు మాత్రమే చాలునా? చాలవనియే శాస్త్రము చెప్పుచున్నది. జోహడ్ నీటిని సృష్టింపదు. ఉన్న నీటి దారిని మార్చును, అంతియే. ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకులు ఇదే నదిపై జరిపిన పరిశీలన ఫలితములు 2010లో వెలువడినవి. ఇట్టి కట్టల మూలమున వర్షములో సుమారు 7 శాతము భూగర్భమున చేరుచున్నదని వారు లెక్కకట్టిరి. కట్టలు పెరిగినకొలది కరవును తట్టుకొను శక్తి పెరుగును గాని, నదిలో దిగువకు పారు నీరు తగ్గునని కూడ వారు గమనించిరి. నేలలో చేరిన 7 శాతమును తోడివేయుటకు ఒక ఎండకాలము చాలును. నదిని తెచ్చినది కట్ట, నిలుపవలసినది కట్టుబాటు.

ఈ లెక్క తెలుగునాటికి క్రొత్త కాదు. కడప ప్రాంతమున పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజైన మొదటి బుక్కరాయని కుమారుడు భాస్కరుడు కట్టించెను. అచ్చట 1369 నాటి సంస్కృత శాసన మొకటి కలదు. మంచి చెరువునకు 12 సాధనములను, చెరువునకు రాదగు 6 దోషములను అది పేర్కొనుచున్నది. గట్టి నేల, మంచినీటి నది, కట్టనేర్చిన పనివారు సాధనములలోనివి. కట్టనుండి నీరు కారుట, నేల చవుడగుట దోషములలోనివి. మరియొక దోషము గమనింపదగినది: నీరు కొద్దిగా నుండి, సాగుచేయు నేల విస్తారముగా నుండుట. హమీర్‌పూర్ రైతులు చెరకు వేయరాదని చేసికొన్న కట్టుబాటులోని సత్యమును మనవారు ఆరు శతాబ్దములకు పూర్వమే రాతిపై చెక్కించిరి.

ఊరి ఏటిని తెలిసికొనుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఒక తాడు, దాని కొనకు ఒక రాయి, ఒక నోటుపుస్తకము చాలును. నెలకొకమారు ఒకే బావిలో నీటిలోతును కొలిచి, వానకు ముందు, వాన తరువాత అంకెలను సరిపోల్చవచ్చును. ఏరు ఎచ్చట పుట్టినదో, దారిలో ఏ కుంటలు పూడినవో, పూర్వము పూడిక ఎవరు తీసెడివారో పెద్దల నడిగి వ్రాసికొనవచ్చును. రెండు మూడేండ్లు విడువక వ్రాసినచో, ఆ నోటుపుస్తకము తరగతికి భూగోళ పాఠముగను, గ్రామసభకు ఆధారముగను ఉపయోగపడును.