లారీ నిండని సరుకు
ఎపిసోడ్‌లో ఎల్‌టీఎల్ అన్నాం కదా, అంటే లారీ నిండని సరుకు. పగలు సిటీ డ్రైవర్ నాలుగు చోట్ల ప్యాలెట్లు ఎత్తుకొస్తాడు, డాక్ మీద ఊళ్లవారీగా విడదీస్తారు, రాత్రికి లైన్‌హాల్ డ్రైవర్ రెండు చిన్న ట్రైలర్లు తగిలించుకుని ఇంకో టెర్మినల్‌కి బయల్దేరతాడు.

1964లో జిమ్మీ హోఫా దేశమంతటికీ ఒకే జీతాల ఒప్పందం కుదిర్చాడు. అప్పట్లో రూటుకీ రేటుకీ సర్కారు అనుమతి ఉండాలి, కొత్త కంపెనీ రావడం కష్టం. జీతాలు నిలబడింది అందుకేనని నేననుకుంటాను. 1980లో కార్టర్ సంతకంతో ఆ అడ్డు చాలావరకు పోయింది. ఫుల్ లోడుకైతే ఒక లారీ చాలు, ఎవరైనా దిగొచ్చు. ఎల్‌టీఎల్‌కి ఊరూరా టెర్మినళ్లు కావాలి మరి! అయినా పాతవాళ్లలో చాలామంది మునిగారు.

1924లో పుట్టిన ఎల్లో 2023లో మూతపడితే దాదాపు 30,000 ఉద్యోగాలు పోయాయి. కంపెనీ యూనియన్‌ని తిట్టింది. నాకైతే అప్పులే ముంచాయనిపిస్తుంది. టెర్మినళ్లని మాత్రం పోటీ కంపెనీలు వేలంలో ఎగబడి కొనుక్కున్నాయి.